వంగకుండా సారీ చెప్పలేని మనిషి

ఇసొబె ఫుకికో గేట్లకి కూడా సారీ చెబుతుంది. స్టేషన్లో టికెట్టు గేటు టపీమని ఆమె ముఖం మీదే మూసుకుపోతే తప్పు గేటుది. అయినా ఈవిడే నడుం వంచి, "సారీ అండీ, సారీ" అని దానికి దణ్ణం పెట్టినంత పని చేసి పక్క గేటుకి వెళుతుంది. చల్లటి టీ నొక్కితే వేడి టీ ఇచ్చిన మిషనుకీ అంతే, నడిచేదారిలో అడ్డంగా పడుకున్న పిల్లికీ అంతే.

ఇందులో వింతేముంది, టోక్యోలో అందరూ వంగేవాళ్లే కదా, ఫోనులో మాట్లాడుతూ గోడకి వంగేవాళ్లు వీధికి నలుగురు కనబడతారు కదా అంటారా? నిజమే. కాని వాళ్లు కావాలంటే వంగుతారు, వద్దంటే ఊరుకుంటారు. ఫుకికోకి ఆ వెసులుబాటు లేదు. నడుం వంగకుండా ఆమె నోట్లోంచి ఆ మాట రాదు. వచ్చినా అది ఆమె మాటలా ఉండదు. ఈ జబ్బు ఆమెని ఎక్కడిదాకా తీసుకొచ్చిందో, తీరా తీసుకొచ్చాక ఎలా అడ్డం పడిందో చెబుతాను వినండి.

జబ్బు అంటించింది తల్లి మిసావో. షికోకు దీవిలో, తొకుషిమా కొండల్లో తిరిగే టూరిస్టు బస్సుల్లో ఆవిడ గైడు. తెల్లటి చేతి తొడుగులు, పక్కకి వాలిన టోపీ, ఎంత మలుపు తిరిగినా పట్టు తప్పని కాళ్లు. ప్రయాణికులు దిగి హోటలు తలుపు దాటేదాకా వంచిన తల ఎత్తేది కాదు. ఇంట్లోనూ అదే శిక్షణ. పలకా బలపం పట్టే వయసులో ఫుకికో ఎవరి చెంబో తన్నేసి, నిటారుగా నిలబడి "సారీ" అందట. మిసావో ఆ చెంబు మళ్లీ నింపి అక్కడే పెట్టి, "మళ్లీ తన్ను, మళ్లీ చెప్పు. నడుం వంగని సారీ సారీ కాదే, అది రేడియోలో వాతావరణ వార్త" అందట. చుట్టుపక్కల పిల్లలందరూ వచ్చి ఆ తమాషా చూశారు.

అలా పెరిగిన పిల్ల చదువు అవగానే తల్లి కంపెనీలోనే గైడుగా చేరింది. గైడంటే చూపించడమే కాదు, పాడాలి కూడా. కొండ వస్తే కొండ కథ చెప్పాలి, గుడి వస్తే గుడి కథ చెప్పాలి, ఊరు వస్తే ఆ ఊరి పాట ఎత్తుకోవాలి. మరి సొరంగం వస్తే? మిగతా గైడ్లు సొరంగంలో నోరు మూసుకుని గొంతుకి విశ్రాంతి ఇచ్చేవాళ్లు. ఫుకికోకి అది చేతకాలేదు. చీకట్లో జనాన్ని ఊరికే కూర్చోబెట్టడం అపచారం అనిపించింది. చెప్పడానికి ఏమీ లేని చోట తనే పాటలు కట్టి పాడటం మొదలుపెట్టింది. సొరంగానికో పాట, ట్రాఫిక్ జాముకో పాట. ముందు మెల్లగా పోయే లారీని దాటలేక డ్రైవరు తల పట్టుకుంటే ఆ లారీ మీదో పాట:

ముందు పోయే ముల్లంగి లారీ,
మమ్మల్నెక్కడికి లాక్కుపోతావు?
నీ ఊరు మాకొద్దు, మా హోటలు నీకొద్దు,
అయినా వదలవేం? అయినా వదలమేం?

ఒకసారి రైతు సంఘం ముసలమ్మలు బస్సు నిండా ఎక్కారు. బస్సు పేరున్న గుడి ముందు ఆగింది. ఫుకికో గుడి కథ మొదలెట్టబోతే ముందు సీట్లో ఉన్న ముసలమ్మ చెయ్యి ఎత్తింది. "గుడి ఎక్కడికీ పోదులే పిల్లా. ఆ ముల్లంగి పాట ఇంకోసారి పాడు" అంది. బస్సంతా చప్పట్లు. ఇంకేముంది, ఆ చప్పట్లు ఈవిడ తలకెక్కాయి.

టోక్యో వెళ్లి పాటలు పాడుకుంటానని చెప్పినప్పుడు మిసావో ఏడవలేదు, తిట్టలేదు. సుదాచి నిమ్మరసం సీసాలు పాత టవలులో చుట్టి పెట్టెలో పెట్టింది. "బస్సులో వాళ్లకి దిగే వీల్లేదు గనక విన్నారే. అక్కడ అందరికీ కాళ్లుంటాయి" అంది. "గొంతు పట్టేస్తే ఈ రసం వేణ్నీళ్లలో కలుపుకుని తాగు. మనసు పట్టేస్తే ఫోన్ చెయ్యి, తిడతాను."

తల్లి మాట నూటికి నూరుపాళ్లు నిజమైంది. కోయెంజి స్టేషన్ ముందు ఫుకికో గిటారు పట్టుకుని నిలబడేది. జనానికి కాళ్లుండేవి. ఒకతను ఆగాడు. ఫుకికో గొంతు పెంచింది. అతను పాటయ్యేదాకా మర్యాదగా ఆగి నూడుల్సు కొట్టు ఎటో అడిగి వెళ్లిపోయాడు. చిన్న చిన్న పాటల క్లబ్బుల్లో కూడా పాడింది. ఒక క్లబ్బు యజమాని ఆమెని పక్కకి పిలిచి చెప్పాడు:

"ఇసొబె గారూ, మీ పాటలు బాగానే ఉన్నాయండీ. కాని పాటకి ముందు 'చప్పుడు చేస్తున్నందుకు సారీ' అంటారు. అయ్యాక 'మీ సమయం తినేసినందుకు సారీ' అంటారు. మధ్యలో తీగ తెగితే దానికీ సారీ. పాట కన్నా సారీలే పొడుగ్గా ఉంటున్నాయి. వినేవాళ్లకి ఏమనిపిస్తుందో తెలుసా? ఓహో, ఇదేదో పాడు పాట కాబోలు, అందుకే ఇంతలా బతిమాలుతోంది అనిపిస్తుంది."

"అయ్యో, సారీ అండీ" అని వంగింది ఫుకికో. ఆయన తల పట్టుకున్నాడు.

పాటలు తిండి పెట్టవు గనక పగలు ఉద్యోగం చూసుకుంది. అన్నం కుక్కర్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే పని. చేప పిల్లకి ఈత నేర్పాలా? సారీ చెప్పడానికే జీతం ఇచ్చే చోటు ఈ భూమ్మీద ఉందని తెలిసి ఆమెకి సొంతూరికి వచ్చినట్టయింది. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్లు మెత్తబడి, తమ ఇంటి కష్టాలు కూడా చెప్పుకుని పెట్టేసేవాళ్లు. అలా ఏళ్లు గడిచాయి. నలభై దగ్గర పడింది. గిటారు మీద దుమ్ము చేరితే దానికి కూడా సారీ చెప్పి తుడిచేది.

ఒకరోజు పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి, ఆమె ఎత్తగానే విరుచుకుపడ్డాడు.

"ఇది అన్నమా, గోడకి బొమ్మలంటించే జిగురా? వారం నుంచీ ఇదే తింటున్నానమ్మా!"

"అయ్యో, సారీ అండీ. చాలా చాలా సారీ అండీ." టక్.

"ఏమిటా చప్పుడు?"

"నుదురండీ. బల్లకి తగిలింది. సారీ అండీ." టక్.

"వంగుతున్నావా ఏమిటి? ఫోనులో నాకేం కనబడుతుందని?"

"మీకు కనబడదండీ. కాని మీ అన్నం పాడైంది కదండీ మరి."

తర్వాత వచ్చిన గొంతులో ఇందాకటి మంట లేదు. "ఊరుకోమ్మా. నీళ్లు నేనే ఎక్కువ పోశానేమో. నేనే సారీ చెప్పాలి నీకు" అన్నాడాయన. ఆ మాట అన్నాక ఉలిక్కిపడ్డట్టు, "ఆగాగు, నాతో సారీ చెప్పించావే నువ్వు! ఏం పేరమ్మా నీది?" అన్నాడు.

ఆయన పేరు కురమోచి. టీవీలో పిల్లల కార్టూన్లకి గొంతులు చెప్పించే డైరెక్టరు. కోపిష్టి, బక్కపలచటి మనిషి. "ఎన్నాళ్లనుంచో ఒక దయ్యం కోసం వెతుకుతున్నాను. సారీ చెప్పే దయ్యం. ఒక్కళ్ల గొంతూ సరిపోలేదు" అన్నాడు.

"సారీ అండీ," అంది ఫుకికో బెంగగా, "మా దగ్గర కుక్కర్లు మాత్రమే ఉన్నాయండీ."

దయ్యం పేరు షొంబొ. పిల్ల దయ్యం. మనుషుల్ని భయపెట్టడం దాని వృత్తి, భయపెట్టి బాధపడటం దాని స్వభావం. రోజూ ఒక ముసలాయన ఇంట్లో గోడలోంచి బయటికొచ్చి 'బూ' అంటుంది, వెంటనే సారీ చెబుతుంది. ఆ ముసలాయన దానికి రోజూ ఏదో ఒకటి పెట్టి పంపుతాడు. అంతే కథ. కురమోచి ఫుకికోని పిలిచి పరీక్షగా ఒక్క వాక్యం చదివించాడు. అది చిన్న గది, ఎదురుగా బల్ల మీద చిన్న రికార్డరు. ఆమె బల్ల మీదికి వంగి చెప్పింది, రికార్డరూ బల్ల మీదే ఉంది, అంతా చక్కగా వినబడింది. అక్కడే అందరూ పొరబడ్డారు. ఆమె పాటలు కడుతుందని తెలిసి, ముల్లంగి పాట పాడించుకుని విని, "నువ్వు షొంబొవి అయితే చివర్లో వచ్చే పాట కూడా నీదే. నువ్వే రాయి, నువ్వే పాడు" అన్నాడు కురమోచి. ఫుకికో ఇంటికెళ్లి గిటారు పక్కలో పెట్టుకుని పడుకుంది.

రికార్డింగు స్టూడియో సంగతి వేరు. ఆ లోకానికి దాని మర్యాదలు దానికున్నాయి. అక్కడ ఎప్పుడు అడుగుపెట్టినా, పొద్దువాలినా సరే, "శుభోదయం" అనే అనాలి. గరగరలాడే బట్టలు కట్టకూడదు. కడుపు గుర్రుమంటే మైకు పట్టేస్తుంది గనక ఖాళీ కడుపుతో రాకూడదు. కొత్తవాళ్లు తలుపు దగ్గర కూర్చోవాలి, పెద్దవాళ్లు వస్తే లేచి తలుపు తీయాలి. గది ముందు వరసగా స్టాండ్ల మీద మైకులుంటాయి. నటులు ఎవరి వంతు వస్తే వాళ్లు పిల్లి అడుగులేసుకుంటూ మైకు దగ్గరికి వెళ్లి చెప్పి, అంతే మెల్లగా వెనక్కి వస్తారు. ఆ మైకుల ఎత్తు మాత్రం వయసులో అందరిలోకీ పెద్దవాళ్లని బట్టి ఉంటుంది. పొట్టివాళ్లు మునివేళ్ల మీద నిలబడతారు, పొడుగువాళ్లు మోకాళ్లు వంచుకుంటారు. కొత్తవాళ్ల కోసం మైకు కదపడమన్నది ఎవరూ వినలేదు.

ముసలాయన గొంతు ఒగినో మాస్టారిది. ఆ రంగంలో ఆయనకి తెలియని మూల లేదు. మాట తడబడటం ఆయన ఎరగరు. మొదటిరోజు ఆయన పక్క మైకు ముందు నిలబడి ఫుకికో తన వాక్యం చెప్పింది.

"భయపెట్టినందుకు క్షమించండి. రేపు కూడా వచ్చి భయపెడతాను. దానికి కూడా ఇప్పుడే క్షమించండి."

'భయపెట్టినందుకు' దాకా బాగుంది. 'క్షమించండి' దగ్గర ఠంగుమని మోగింది. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు నెజు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు ఊడబెరికి అవతల పడేశాడు. ఫుకికో నుదురు వెళ్లి మైకుకి కొట్టుకుంది.

"ఇసొబె గారూ, అది తలతో మోగించే గంట కాదండీ!"

"సారీ అండీ." మళ్లీ ఠంగుమంది.

రెండోసారి మైకుకి పక్కగా వంగింది. నుదురు తప్పింది గాని, మాట నేలకి పోయింది. నెజుకి వినబడింది ఆమె పొట్ట దగ్గర నలిగిన స్క్రిప్టు కాగితాల చప్పుడే. మూడోసారి అంతకన్నా ఘోరం. ఎదురుగా మనిషి అంత మనసుపెట్టి వంగితే చూస్తూ నిలబడటం ఎవరి తరం? పక్క మైకు దగ్గరున్న ఒగినో మాస్టారు అప్రయత్నంగా తిరిగి వంగారు. ఆయన మాటా నేలకే పోయింది. అద్దం అవతల టీవీ వాళ్లు వంగారు. కురమోచి వంగబోయి అద్దానికి కొట్టుకున్నాడు.

"ఎవరు వంగమన్నారయ్యా మిమ్మల్ని?" అని నెజు అరిచాడు. అరుస్తూ తనూ సగం వంగి ఉన్నాడు.

తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. మెడకి టవలు చుట్టారు. ఒకామె వెనక నిలబడి కాలరు పట్టుకుంది. కాలరు చిరిగింది, ఫుకికో కాలరుకి సారీ చెప్పింది. చివరికి కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, కొయ్యలా నిలబడి చెప్పింది. మాట స్పష్టంగా వచ్చింది. నెజు బొటనవేలు చూపించాడు. కురమోచి ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

"ఇది లిఫ్టులో 'తలుపులు మూసుకుంటున్నాయి' అన్నట్టుంది. నాకు ఫోనులో వినబడిన మనిషేదీ?"

వంగితే నెజుకి కోపం, వంగకపోతే కురమోచికి కోపం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మొక్కై వంగనిది మానై వంగదంటారు గాని, మొక్కగా ఉన్నప్పుడే పూర్తిగా వంగిపోయినదాన్ని మానయ్యాక నిటారుగా నిలబడమంటే మాత్రం నిలబడుతుందా? మధ్యాహ్నం గడిచేసరికి అందరి తలప్రాణం తోకకొచ్చింది. కురమోచి ఆమెని బయటికి పిలిచాడు. ఆయనకి కూడా కష్టంగానే ఉంది, నేల చూస్తూ చెప్పాడు.

"వచ్చే బుధవారం మళ్లీ చేద్దాం. కాని అదే ఆఖరు. మినాసె కొతోహ అని ఒకమ్మాయి ఉంది, మంచి గొంతు. ఆ అమ్మాయిని కూడా స్క్రిప్టు చదువుకుని రమ్మంటున్నాను. నీ వల్ల కాకపోతే షొంబొ ఆమెకి వెళుతుంది. పాట కూడా ఇంకెవరిదో పెట్టుకోవాలి. అర్థమైందిగా?"

"అర్థమైందండీ. సారీ అండీ" అని వంగి, వంగే ఇంటికి వెళ్లింది.

ఆ వారం ఆమె ఏమేం చేసిందో చెబితే మీరు నవ్వుతారు. అద్దం ముందు నిలబడి తనకి తనే సారీ చెప్పుకుంది. నడుముకి చీపురుకర్ర కట్టుకుంది. చీపురుతో సహా వంగింది. ఏం చేసినా కర్ర ఉన్నంతసేపు మాట కర్రలాగే వచ్చేది. ఇది పోతే మళ్లీ కుక్కర్లే. నలభై ఏళ్లకి తలుపు ఒకసారి తెరుచుకోవడమే ఎక్కువ, రెండోసారి ఎవరు తెరుస్తారు? మనసు పట్టేసింది. తిట్లు తినడానికి తల్లికి ఫోన్ చేసింది. మిసావో అంతా విని ముందు కడుపారా నవ్వింది.

"మైకుకి తలకాయ కొట్టుకున్నావా? బస్సులో ఎన్ని సారీలు చెప్పలేదే నువ్వు? దారి మూసుకుపోతే సారీ, వానొస్తే సారీ. ఒక్కరైనా వినబడలేదన్నారా?"

"అనలేదు."

"ఎందుకనలేదు?"

"మైకు చేతిలో ఉండేది కదమ్మా. నాతోపాటే అదీ వంగేది."

"మరి అక్కడ?"

"స్టాండు మీద ఉంటుంది. కదలదు."

"కదలదా, కదపరా?"

"కదపరు. నేను కొత్తదాన్నమ్మా. పెద్దవాళ్ల ఎత్తుకి పెట్టిన మైకు నా కోసం ఎలా కదుపుతారు?"

"అడిగావా?"

ఫుకికో నడుముకున్న చీపురుకర్ర ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అడగలేదు. అడక్కుండా సారీ చెప్పేసి వచ్చేశావు" అంది మిసావో. ఇప్పుడు నవ్వు లేదు. "అడగందే అమ్మైనా పెట్టదే. నేనెప్పుడైనా పెట్టానా? వంగమని నేర్పాను గాని నక్కమని నేర్పానా నీకు? తప్పు చేస్తే సారీ చెప్పమన్నాను. పుట్టినందుకు కూడా చెప్పమన్నానా?" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత నిమిషానికి తనే మళ్లీ చేసి, "నిమ్మరసం ఉందా, అయిపోయిందా?" అంది.

బుధవారం వచ్చింది. స్టూడియో వరండాలో బెంచీ మీద మినాసె కొతోహ కూర్చుని ఉంది. ఇరవై రెండో మూడో ఉంటాయి. స్క్రిప్టు అంచులు నలిగిపోయి ఉన్నాయి, రంగు పెన్సిలు గీతలు కాగితం వెనకవైపుకి కూడా దిగాయి. ఫుకికోని చూసి చప్పున లేచి, "శుభోదయమండీ. నేను ఊరికే... రమ్మంటే వచ్చానండీ" అంది ఇబ్బందిగా. ఫుకికో తిరిగి వంగింది గాని ఏం మాట్లాడాలో తోచక లోపలికి వెళ్లిపోయింది.

అందరూ వాళ్ల వాళ్ల చోట్లలో కూర్చున్నారు. నెజు అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి భయపడుతున్నాడు. ఫుకికో తలుపు దగ్గరి కుర్చీలోంచి లేచింది.

"సారీ అండీ," అని మొదలుపెట్టి ఆగింది. నాలుక కరుచుకుంది. మళ్లీ మొదటినుంచి చెప్పింది. "నాకు వంగకుండా ఆ మాట రాదండీ. వారమంతా చూశాను. రాదు. అందుకని మైకు కిందికి దించండి. నేను నేల మీద కూర్చుని చెబుతాను."

కొత్తది, తలుపు దగ్గర కూర్చోవలసినది, మైకు దించమంటోంది! నెజు స్పీకర్లోంచి నసిగాడు.

"ఇసొబె గారూ, ఆ మైకులు ఒగినో మాస్టారి ఎత్తుకి ఉన్నాయండీ. ఈ గదిలో ఎప్పుడూ అంతే..."

అందరూ మాస్టారి వైపు చూశారు. ఫుకికోకి ఆ క్షణంలో నేల తెరుచుకుంటే బాగుండుననిపించింది. అయినా తను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, "నా ఎత్తా?" అన్నారు. "ఆ ఎత్తు ఎప్పటిదయ్యా? నేను కుంగిపోయి ఎన్నాళ్లయింది. నేను మునివేళ్ల మీద నిలబడి చెబుతున్నానని ఇన్నాళ్లూ ఒక్కడూ చూడలేదా?"

నెజు వచ్చి మైకు దించాడు. నేల మీద మెత్త వేశారు. ఫుకికో మోకాళ్ల మీద కూర్చుంది. మాస్టారు నిలబడి ఒక్కసారి కిందికి చూసి, తల అడ్డంగా ఊపారు.

"కుదరదు."

ఫుకికో మెత్త మీంచి లేవబోయింది.

"కాళ్ల దగ్గర పిల్లదాన్ని కూర్చోబెట్టుకుని సారీ చెప్పించుకునేవాడు మంచి తాత ఎలా అవుతాడు? నా మైకు కూడా దించు. నాకూ మెత్త వెయ్యి. ఇద్దరు పట్టుకోండి, మోకాళ్లు మాట వినవు" అన్నారు మాస్టారు. ఆయన కూర్చోవడానికి పట్టినంతసేపు ఈ వాక్యం రికార్డు చేయడానికి పట్టలేదు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్లు నిలబడగలరా? ఒక్కొక్కరే మెత్తలు లాక్కుని కూర్చున్నారు. భోజనాలకి పిలిస్తే వచ్చినట్టు గదంతా నేల మీదికి దిగింది. అద్దంలోంచి చూస్తే కురమోచికి ఒక్క మనిషీ కనబడలేదు. "ఎక్కడున్నారయ్యా అందరూ?" అని ఆయన మైకులో అరిచాడు.

ఎర్ర లైటు వెలిగింది.

ఫుకికో ముందు మెత్త మీద చేతులు ఆనించి, నెమ్మదిగా వంగింది. మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. "భయపెట్టినందుకు క్షమించండి" అంది. "రేపు కూడా వచ్చి భయపెడతాను. దానికి కూడా ఇప్పుడే క్షమించండి." మాట అయ్యాక కూడా తల ఎత్తలేదు.

స్క్రిప్టులో తాత వెంటనే 'పర్వాలేదులే' అనాలి. ఒగినో మాస్టారు అనలేదు. అద్దం వెనక నెజు పళ్లు బిగపట్టి, మీటల మీద చేతులు తీయకుండా, వంగకుండా కూర్చోవడానికి చెమటలు కక్కుతున్నాడు. మాస్టారు ముక్కు ఎగబీల్చారు. అప్పుడు గాని, "పర్వాలేదులే... రేపు తొందరగా రా" అన్నారు. రెండో ముక్క స్క్రిప్టులో లేదు.

ఎర్ర లైటు ఆరింది. కురమోచి గొంతు స్పీకర్లో బొంగురుగా వినబడింది. "అంతే. అలాగే ఉంచేయండి. ఇసొబె, పాట తొందరగా రాసుకురా."

మాస్టారిని లేపడానికి నలుగురు పట్టారు. అందరూ నవ్వుతున్నారు, ఎవరో చప్పట్లు కొట్టారు. ఫుకికో మోకాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేక గోడ పట్టుకుంది. మంచినీళ్ల కోసం తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది.

బెంచీ దగ్గర మినాసె చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. కురమోచి మనిషి వంగి, "అనవసరంగా రప్పించాం, సారీ అండీ" అంటున్నాడు. టీవీ కంపెనీ ఆమె కూడా వంగి అదే మాట అంది. మినాసె సొంత మేనేజరు కూడా ఆ అమ్మాయికే వంగాడు. మినాసె ముఖం మీద మర్యాద నవ్వు అతికించుకుని ఒక్కొక్కరికీ తిరిగి వంగుతోంది. వాళ్లు వెళ్లిపోయాక స్క్రిప్టు సంచీలో పెట్టుకోబోయి, తలెత్తి ఫుకికోని చూసింది.

ఇద్దరే మిగిలారు. వారమంతా ఆ పిల్ల రంగు పెన్సిళ్లతో గీసుకుని, బట్టీ పట్టి, ఏదో ఊరి నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి ఉంటుంది. ఫుకికో నోట్లో ఆ మాట తయారుగా ఉంది. నడుం అప్పుడే కదలడం మొదలైంది. గేట్లకీ, పిల్లులకీ, కాలర్లకీ చెప్పిన మాట. ఇంతకన్నా తగిన చోటు ఎక్కడుంటుంది?

కాని లోపల చూసుకుంటే ఆమెకి సారీగా లేదు. సంతోషంగా ఉంది. పట్టరానంత సంతోషంగా ఉంది. ఈ పాత్ర తనకి కావాలనుకుంది, వచ్చింది. ఆ మాటని గుటకేసి మింగింది. గొంతులో ముల్లు దిగినట్టు దిగింది. నిటారుగా నిలబడింది.

"షొంబొ నాకు కావాలనుకున్నానండీ" అంది. "చాలా కావాలనుకున్నాను."

మినాసె ముఖం మీద అతికించిన నవ్వు ఊడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మయ్య" అంది. "మీరు కూడా సారీ చెబుతారేమోనని చచ్చేంత భయపడ్డానండీ. పొద్దుటినుంచీ సారీలు వినీ వినీ... మీరూ చెప్పుంటే ఇక్కడే భోరుమనేదాన్ని. నేనూ అంతే కావాలనుకున్నానండీ. అంతకన్నా ఎక్కువే."

"తెలుసండీ."

"బాగా చెయ్యండి. పాడుచేశారంటే మాత్రం ఊరుకోను."

"చేస్తాను."

మినాసె సంచీ భుజాన వేసుకుని గబగబా మెట్ల వైపు వెళ్లింది. మలుపు తిరిగాక ఆ పిల్ల ముక్కు చీదిన చప్పుడు పైదాకా వినబడింది. ఫుకికో వెనక పరిగెత్తలేదు. ఆ చప్పుడు వీధి తలుపు దాటేదాకా అక్కడే నిలబడింది. లోపల్నించి నెజు పిలుస్తున్నాడు, తర్వాతి సీనుకి మెత్తలు సర్దుతున్నారట. ఆమె చెంగున లోపలికి వెళ్లి, తలుపు దగ్గరి కుర్చీ దాటి, తన మైకు ముందు కూర్చుంది.